ఫైబర్ పనిలో లేజర్ భద్రత: మీటరు, మైక్రోస్కోపు, రెడ్ లైట్ పెన్, కళ్లద్దాలలో వేటిని ఎలా ఎంచుకోవాలి

ఫైబర్ కొసను కంటి దగ్గరకు తెచ్చుకుని "లైటు వస్తోందా, లేదా" అని చూసే అలవాటు కేబుల్ నెట్‌వర్కులలో ఇంకా పూర్తిగా పోలేదు. రాగి తీగలతోనూ కోయాక్సియల్ కేబుల్‌తోనూ ఏళ్ల తరబడి పనిచేసి ఫైబర్‌కు మారినవారికి ఏ తీగనైనా చేతిలోకి తీసుకుని పరీక్షగా చూడడం సహజమైన పనిగానే ఉంటుంది. రెడ్ లైట్ పెన్ (ఫైబర్‌లోకి ఎర్ర కాంతిని పంపి చూసే పరీక్ష పెన్) పెట్టినప్పుడు కొసన ఎర్రటి చుక్క కనిపిస్తుంది కాబట్టి, చుక్క కనిపించకపోతే లైను చచ్చిపోయిందనే అపోహ కూడా దాని వెంటే ఏర్పడింది. సమాచారాన్ని మోసే కాంతి మాత్రం కంటికి కనిపించదు. మన కన్ను సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య తరంగదైర్ఘ్యాలను చూడగలదు. ఒకే ఫైబర్‌ను పంచి ఇంటింటికీ ఇచ్చే జీపాన్ లైనులో ఓఎల్‌టీ (ఆపరేటరు ఆఫీసులో ఉండి ఇళ్లకు కాంతిని పంపే పెట్టె) నుంచి దిగే కాంతి 1490, ఇంటి నుంచి ఎక్కేది 1310, కేబుల్ టీవీది 1550 నానోమీటర్ల దగ్గర ఉంటాయి. ఈ మూడింటిలో ఏదీ కంటికి ఆనదు.

కనిపించే కాంతి అతిగా పడితే కన్ను దానంతట అదే మూసుకుంటుంది. కనిపించని కాంతికి ఆ రక్షణ లేదు. పైగా 1400 నానోమీటర్ల లోపలి కాంతి కంటి లోపలికి చొచ్చుకుపోయి, రెటీనా మీద కేంద్రీకృతం కాగలదు. రెటీనాకు నొప్పి తెలియదు కాబట్టి దెబ్బ తగిలిన సంగతి ఆ క్షణంలో తెలియకపోవచ్చు. 1400 దాటిన కాంతిని కంటి ముందుభాగంలోని కార్నియా, నీరు చాలావరకు పీల్చుకుంటాయి. అందువల్ల 1550 కొంత సురక్షితమన్న మాట వాడుకలోకి వచ్చింది. అది కొంతమేర నిజమే అయినా, శక్తి పెరిగితే గాయమయ్యేది ఆ కార్నియాకేనని మరచిపోకూడదు.

ఈ వ్యాసం చిన్న ఇంటర్‌నెట్ సంస్థలను, స్థానిక కేబుల్ ఆపరేటర్లను, వారి దగ్గర పనిచేసే సాంకేతిక సిబ్బందిని దృష్టిలో పెట్టుకుని రాసినది. ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్ పథకం కరెంటు స్తంభాల మీదుగా ఊరూరికీ తీగలు లాగి, ఇళ్లకు కనెక్షన్లు ఇచ్చే పనిని స్థానిక కేబుల్ ఆపరేటర్ల ద్వారానే సాగించింది. కాబట్టి ఈ పరికరాలను రోజూ ముట్టుకునే చేతులు పెద్ద టెలికాం సంస్థల ఇంజనీర్లవి మాత్రమే కావు. ఏ పరికరం కొనాలి, దేని మీద ముందు డబ్బు పెట్టాలి అన్న ప్రశ్నకు నా జవాబు ఒకే సూత్రం మీద నిలుస్తుంది: కాంతి ఉందో లేదో తెలుసుకునే పనిని కంటికి అప్పగించే అవసరమే రాకుండా చేసే పరికరాన్ని ముందు కొనాలి.

ముందుగా ఎక్కడ ఎంత కాంతి ఉంటుంది

ఎంపికకు దిగే ముందు అంకెలు తెలియాలి. కాంతి శక్తిని డీబీఎంలలో, దాని హెచ్చుతగ్గులను డీబీలలో చెబుతారు. సున్నా డీబీఎం అంటే 1 మిల్లీవాట్. ప్రతి 3 డీబీకి శక్తి రెట్టింపవుతుంది, ప్రతి 10 డీబీకి పది రెట్లవుతుంది. బీ ప్లస్ తరగతి జీపాన్ ఓఎల్‌టీ పోర్టు 1.5 నుంచి 5 డీబీఎం వరకు, సీ ప్లస్ తరగతి పోర్టు 3 నుంచి 7 డీబీఎం వరకు కాంతిని పంపుతుంది. ఎక్కువలో ఎక్కువ 5 మిల్లీవాట్లన్న మాట. అది 32 దారుల స్ప్లిటర్ (ఒక ఫైబర్ కాంతిని అనేక ఫైబర్లకు పంచే సాధనం) దాటేసరికి సుమారు 17 డీబీ తగ్గిపోతుంది, దారి పొడవునా ఫైబర్ నష్టం కూడా కలుస్తుంది. ఇంటి గోడ దగ్గరకు చేరేసరికి అది మిల్లీవాట్‌లో వందో వంతుకూ తక్కువగా ఉండడం మామూలే. ఇక ఇంట్లోని ఓఎన్‌టీ (ఫైబర్ తగిలించే మోడెం పెట్టె), తనకు ఓఎల్‌టీ సంకేతం అంది అనుమతి వచ్చినప్పుడే కాంతిని పంపుతుంది కాబట్టి, తీగ తీసేసిన ఓఎన్‌టీ నుంచి సాధారణంగా ఏ కాంతీ రాదు.

దీని వల్ల ఇంటి చివర పనిచేసే కుర్రవాడికి లేజర్ ప్రమాదం చాలా తక్కువ. ఈ మాటను స్పష్టంగా చెప్పడం నాకు ముఖ్యమనిపిస్తుంది. అన్ని చోట్లా ఒకే రకంగా భయపెడితే, నిజంగా భయపడవలసిన చోట కూడా ఎవరూ నమ్మరు.

నిజంగా భయపడవలసిన చోటు ఆఫీసు గదిలో ఉంటుంది. కేబుల్ టీవీ సంకేతాన్ని ఫైబర్ మీద పంపేందుకు వాడే ఈడీఎఫ్ఏ యాంప్లిఫైయరు ఒక్కొక్క పోర్టు నుంచి 17, 19, 20, 22 డీబీఎం చొప్పున 1550 నానోమీటర్ల కాంతిని వదులుతుంది. 20 డీబీఎం అంటే 100 మిల్లీవాట్లు. అంటే సీ ప్లస్ ఓఎల్‌టీ పోర్టు ఇచ్చే గరిష్ఠ కాంతికి ఇరవై రెట్లు. ఓఎల్‌టీ కాంతిని కూడా లోపలే కలుపుకుని ఒకే తీగ మీద రెండింటినీ పంపే ఈడీఎఫ్ఏలు ఇప్పుడు విరివిగా వాడుకలో ఉన్నాయి. అలాంటి చోట "ఇది ఇంటర్‌నెట్ లైనే కదా" అనుకుని పట్టుకున్న ఆకుపచ్చ కనెక్టరులో 1550 కాంతి నిండుగా ఉంటుంది.

అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60825 మొదటి భాగం లేజర్ ఉత్పత్తులను 1, 1సీ, 1ఎం, 2, 2ఎం, 3ఆర్, 3బీ, 4 తరగతులుగా విభజిస్తుంది. అదే ప్రమాణంలోని రెండో భాగం ప్రత్యేకంగా ఫైబర్ వ్యవస్థల కోసం రాసినది. పెట్టె మీద అతికించిన తరగతితో ఆగకుండా, తీగ తెగినా ఊడినా ఆ చోట బయటికి వచ్చే కాంతిని బట్టి ప్రమాద స్థాయిని నిర్ణయించాలని ఆ భాగం చెబుతుంది. 1550 దగ్గర సింగిల్ మోడ్ ఫైబర్‌కు (ఇళ్లకూ దూరపు లైన్లకూ వాడే సన్నని కోర్ ఉన్న రకానికి) ఒకటో స్థాయి హద్దు స్థూలంగా 10 మిల్లీవాట్లు, అంటే 10 డీబీఎం. 1ఎం స్థాయి హద్దు సుమారు 21 డీబీఎం. ఈ రెండింటి మధ్య ఉన్న కాంతి ఫైబర్ కొస నుంచి శంకువులా విచ్చుకుంటూ వెళ్తుంది కాబట్టి ఉత్త కంటికి ఒక దూరం నుంచి హాని చేయదు. భూతద్దమో మైక్రోస్కోపో మధ్యలో పెడితే ఆ విచ్చుకున్న కాంతి మళ్లీ ఒకచోట పోగుపడి కంట్లోకి చేరుతుంది. 1ఎం అన్న గుర్తుకు అర్థం ఇదే. మన ఈడీఎఫ్ఏ పోర్టులు ఎక్కువగా ఈ మధ్య భాగంలోనే ఉంటాయి.

పవర్ మీటరా, క్లిప్ డిటెక్టరా, కార్డా

లైను బతికి ఉందో లేదో చెప్పే సాధనాలు మూడు రకాలు దొరుకుతాయి. వీటిలో పవర్ మీటరుకు సాటి వచ్చేది లేదు, కానీ పవర్ మీటర్లు అన్నీ ఒకటి కావు. బజారులో చేతి మీటర్లు ప్రధానంగా రెండు పరిధులతో అమ్ముతారు. ఒకటి మైనస్ 70 నుంచి ప్లస్ 10 డీబీఎం వరకు కొలుస్తుంది, రెండోది మైనస్ 50 నుంచి ప్లస్ 26 వరకు కొలుస్తుంది. మొదటిది టెలికాం పనికి, రెండోది కేబుల్ టీవీ పనికి ఉద్దేశించినవి. తక్కువ కాంతిని కూడా చూడగలదు కాబట్టి మొదటిదే మెరుగని చాలామంది కొంటారు. దానిని 20 డీబీఎం పోర్టుకు తగిలిస్తే తప్పు అంకె చూపవచ్చు, లోపలి డిటెక్టరు పాడైపోవచ్చు కూడా. ఇంటి చివర మనకు కావలసిన కొలత మైనస్ 30 లోపలే ముగుస్తుంది కాబట్టి, ఈడీఎఫ్ఏ ఉన్న ఆపరేటరు ఒక్క మీటరే కొనగలిగితే రెండో రకాన్నే కొనాలి.

మరొక మెలిక ఉంది. మామూలు మీటరు మీద 1490, 1550 అని నొక్కే బటన్ ఉన్నా, అది తరంగదైర్ఘ్యాన్ని వేరు చేయదు. లోపలికి వచ్చిన కాంతి మొత్తాన్నీ కొలిచి, మీరు ఎంచుకున్న తరంగదైర్ఘ్యానికి తగిన లెక్కతో అంకెను చూపుతుంది, అంతే. ఒకే తీగలో టీవీ, ఇంటర్‌నెట్ కలిసి వస్తున్నప్పుడు ఏది ఎంత ఉందో తెలియాలంటే లోపల ఫిల్టర్లు ఉండే పాన్ మీటరు కావాలి. ఇంటి నుంచి ఎక్కే 1310 కాంతి తునకలు తునకలుగా వస్తుంది కాబట్టి దానిని సరిగా కొలవడం కూడా దీనికే సాధ్యం. ఖరీదు ఎక్కువే. అందరికీ తలా ఒకటి ఇవ్వలేకపోతే, ఆఫీసులో ఒక పాన్ మీటరు ఉంచి, లైను మీదకు వెళ్లే ప్రతి ఒక్కరికీ ప్లస్ 26 వరకు కొలిచే సాదా మీటరు ఇవ్వడం మంచి ఏర్పాటు.

క్లిప్ డిటెక్టరు తీగను కొద్దిగా వంచి, ఆ వంపు దగ్గర బయటికి కారే కాంతిని పట్టుకుంటుంది. కనెక్టరు ఊడదీయకుండానే లైనులో కాంతి ఉందని, అది ఎటు వెళ్తోందని చెప్పగలగడం దీని గొప్ప సౌకర్యం. వందల పిగ్‌టెయిళ్లు (ఒక కొసన కనెక్టరు ఉన్న పొట్టి ఫైబర్ తీగలు) ఉన్న ర్యాకులో తప్పు తీగ ఊడదీయకుండా ఇది కాపాడుతుంది. ఇళ్లకు లాగే జి.657 రకం ఫైబర్‌ను వంపులను తట్టుకునేలా తయారు చేస్తారు కాబట్టి దాని నుంచి కాంతి అంతగా కారదు. లోపల ఉక్కు తీగ ఉన్న చదునైన డ్రాప్ కేబుల్‌ను అసలు వంచలేము. కాబట్టి ఈ పరికరం "ఉంది" అంటే నమ్మవచ్చు, "లేదు" అంటే నమ్మకూడదు.

పరారుణ కాంతి పడితే మెరిసే కార్డుది కూడా ఇదే కథ. వీటిలో చాలా రకాలను ముందుగా వెలుతురులో ఉంచి సిద్ధం చేయాలి, మెరుపు కొద్దిసేపటికే తగ్గిపోతుంది, తక్కువ కాంతికి అవి స్పందించవు. జేబులో ఉంటే ఉండనివ్వండి, కానీ మీటరుకు బదులుగా కొనకండి. ఫోన్ కెమెరాతో చూసే పద్ధతి కూడా ఒకటి ప్రచారంలో ఉంది. కెమెరాలోని సిలికాన్ సెన్సరు సుమారు 1000 నానోమీటర్లు దాటిన కాంతిని చూడలేదు. మల్టీమోడ్ లైనులోని (దగ్గరి దూరాలకు వాడే లావు కోర్ ఫైబర్‌లోని) 850 కొన్ని ఫోన్లలో మసకగా కనిపించవచ్చు. 1310, 1490, 1550 ఏ ఫోన్‌లోనూ కనిపించవు. అందువల్ల ఈ పద్ధతిని పూర్తిగా మానేయాలని నా గట్టి సలహా.

కంటితో చూసే మైక్రోస్కోపా, తెర మీద చూసే మైక్రోస్కోపా

నా దృష్టిలో ఈ వ్యాసంలో అన్నిటికంటే ముఖ్యమైన ఎంపిక ఇదే. కనెక్టరు కొసన దుమ్ము ఉందో లేదో చూడడానికి 200 రెట్లో 400 రెట్లో పెద్దది చేసి చూపే చేతి మైక్రోస్కోపు చవకగా దొరుకుతుంది, బ్యాటరీ ఎక్కువ కాలం వస్తుంది, బొమ్మ స్పష్టంగా ఉంటుంది. నాణ్యమైన వాటిలో పరారుణ కాంతిని అడ్డుకునే ఫిల్టరు ఉంటుంది. చవక రకాలలో అది ఉందో లేదో, ఉన్నా ఏ తరంగదైర్ఘ్యానికి ఎంత అడ్డుకుంటుందో రాసి ఉండకపోవచ్చు. పైన చెప్పిన 1ఎం హద్దును గుర్తు చేసుకుంటే ఇందులోని ప్రమాదం అర్థమవుతుంది. ఉత్త కంటికి హాని చేయని 19 డీబీఎం కాంతి, ఈ గొట్టం గుండా చూసినప్పుడు హాని చేయగలదు. పైగా ఈ పరికరాన్ని వాడే సందర్భమే అలాంటిది. లైను సరిగా లేదని, కనెక్టరు మురికిగా ఉందేమోనని అనుమానం వచ్చినప్పుడు, తొందరలో, యాంప్లిఫైయరు ఆపకుండానే దీనిని వాడతారు.

వీడియో మైక్రోస్కోపులో కొసను చూసేది కెమెరా. మనిషి చూసేది తెర. ఫైబర్‌లో ఎంత కాంతి ఉన్నా, అది కంటికి చేరే దారే ఉండదు. ఫోన్‌కు కలిసే రకాలు రావడంతో ధర కూడా మునుపటిలా అందనంత ఎత్తున లేదు. ఫోటో తీసి పై అధికారికి పంపవచ్చు, శుభ్రం చేయకముందు, చేశాక ఎలా ఉందో పక్కపక్కన చూడవచ్చు. అడాప్టరు లోపల ఉన్న కనెక్టరును ఊడదీయకుండా అవతలి వైపు నుంచి చూడడం దీనికే వీలవుతుంది. ఈడీఎఫ్ఏ ఉన్న ఏ నెట్‌వర్కులోనైనా కంటితో చూసే మైక్రోస్కోపుకు చోటు ఉండకూడదని నా అభిప్రాయం. ఒకవేళ ఇప్పటికే ఉంటే, దానిని కొత్త ప్యాచ్ కార్డులు పరీక్షించే బల్లకు పరిమితం చేసి, లైను మీదకు వెళ్లే సంచీలోంచి తీసివేయాలి. డేటా సెంటర్లలో ఒకే ఎంపీఓ కనెక్టరులో 8, 12, 24 ఫైబర్లు పక్కపక్కనే ఉంటాయి. అక్కడ విడివిడిగా ప్రతి ఫైబర్ సురక్షితమే అయినా, మైక్రోస్కోపు కింద అవి అన్నీ ఒకేసారి కంటికి ఎదురవుతాయి కాబట్టి ఈ నియమం అక్కడ కూడా వర్తిస్తుంది.

రెడ్ లైట్ పెన్: 1 మిల్లీవాట్ నుంచి 50 వరకు

తెగిన చోటును, గట్టిగా వంగిన చోటును ఎర్రగా చూపే ఈ పెన్ను సుమారు 650 నానోమీటర్ల కాంతిని వాడుతుంది. అందరి జేబులోనూ ఉండేది, అందరూ నిర్భయంగా వాడేది ఇదే. ఇందులో 1, 5, 10, 20, 30, 50 మిల్లీవాట్ల రకాలు అమ్ముతారు, మిల్లీవాట్లు పెరిగినకొద్దీ ఎక్కువ కిలోమీటర్లు చూపుతుందని ప్రచారం చేస్తారు. 1 మిల్లీవాట్ లోపలిది రెండో తరగతి. పొరపాటున కంట్లో పడినా, రెప్ప మూసుకునే పావు సెకను లోపల హాని జరగదన్న లెక్క మీద ఆ తరగతిని నిర్ణయించారు. 5 మిల్లీవాట్ల వరకు 3ఆర్. అది దాటి సూటిగా కంట్లోకి వెళ్లగలిగే పుంజం 3బీ కిందికి వస్తుంది, అక్కడ రెప్పపాటు మీద ఆధారపడలేము.

ఎర్ర కాంతి ఫైబర్‌లో 1310 కాంతి కంటే ఎన్నో రెట్లు వేగంగా తగ్గిపోతుంది. అందువల్ల మిల్లీవాట్లు పది రెట్లు పెంచినా దూరం పది రెట్లు పెరగదు. ఇంటి పని, అపార్ట్‌మెంటు పని చేసేవారికి దూరం వందల మీటర్లలో ఉంటుంది కాబట్టి 1 మిల్లీవాట్ పెన్ చాలు. జాయింట్ క్లోజర్లలో (ఫైబర్ అతుకులను దాచే పెట్టెలలో), పగటి వెలుతురులో పనిచేసేవారికి 5 మిల్లీవాట్లది న్యాయమైన ఎంపిక. అంతకు మించి దూరంలో తెగిన చోటు వెతకాలంటే కావలసింది ఓటీడీఆర్ (వెనక్కి తిరిగి వచ్చే కాంతిని బట్టి తెగిన చోటు దూరాన్ని చెప్పే పరికరం). 30 మిల్లీవాట్ల పెన్ ఆ పని చేయదు. పెన్ కొనేటప్పుడు తరగతి, తరంగదైర్ఘ్యం, గరిష్ఠ శక్తి మూడూ లేబుల్ మీద ఉన్నాయో లేదో చూడండి. లేబుల్ లేని పెన్ను కొనవద్దు. ఇంకొక విషయం: వినియోగదారుడి ఇంట్లో పెన్ పెట్టి, అవతలి కొస దగ్గర పిల్లలు ఉంటే ఏమవుతుందో ఆలోచించండి. ఎర్రటి చుక్క పిల్లలను రమ్మని పిలుస్తుంది.

మాడ్యూళ్లు, యాంప్లిఫైయర్ల ఎంపికలోనే సగం భద్రత

స్విచ్చులలో గుచ్చి ఫైబర్ తగిలించే ఎస్ఎఫ్‌పీ మాడ్యూళ్ల విషయంలో ఎక్కువ చెప్పవలసిన పని లేదు. వాడుకలో ఉన్నవి దాదాపు అన్నీ ఒకటో తరగతివే. అయినా దూరానికి తగినదే కొనండి. పది కిలోమీటర్ల 10జీబేస్-ఎల్ఆర్ గరిష్ఠంగా 0.5 డీబీఎం పంపితే, నలభై కిలోమీటర్ల ఈఆర్ 4 డీబీఎం వరకు పంపుతుంది. దాని రిసీవరు మైనస్ 1 డీబీఎంకు మించిన కాంతిని తట్టుకోదు కాబట్టి, దగ్గరి లింకులో పెడితే మధ్యలో అటెన్యుయేటరు వేయవలసి వస్తుంది. అక్కరలేని శక్తికి డబ్బు పెట్టి, దానిని తగ్గించడానికి మళ్లీ డబ్బు పెట్టడం ఎందుకు?

ఈడీఎఫ్ఏ దగ్గర మాత్రం కాసేపు ఆగి లెక్క వేయాలి. 22 డీబీఎం చొప్పున 4 పోర్టులు ఉన్నది ఒకటి, 19 డీబీఎం చొప్పున 8 పోర్టులు ఉన్నది ఒకటి మీ ముందు ఉన్నాయనుకోండి. 22 డీబీఎం అంటే సుమారు 158 మిల్లీవాట్లు, నాలుగు పోర్టులకు దాదాపు 630. 19 డీబీఎం అంటే సుమారు 79 మిల్లీవాట్లు, ఎనిమిది పోర్టులకు మళ్లీ దాదాపు 630. రెండూ ఇచ్చే మొత్తం కాంతి ఒకటే. కానీ మొదటిదానిలో ప్రతి పోర్టూ 1ఎం హద్దును దాటి 3బీలోకి వెళ్తుంది, రెండోదానిలో ప్రతి పోర్టూ ఆ హద్దు లోపలే ఉంటుంది. 22 డీబీఎం పోర్టుకు రెండు దారుల స్ప్లిటర్ పెట్టి చివరికి తెచ్చుకునేది కూడా 19కి కాస్త తక్కువే. ఆ స్ప్లిటర్‌ను, దాని కనెక్టర్లను, వాటి నష్టాన్ని తప్పించుకుంటూ రెండోదే కొనడం అన్ని విధాలా మేలు. శక్తి ఎక్కువైనకొద్దీ కనెక్టరు మీది చిన్న దుమ్ము కణం కూడా కాలి కొసను శాశ్వతంగా పాడుచేస్తుందన్నది మరో కారణం.

ముందు పలకకు తాళంచెవి స్విచ్ ఉన్నదానిని ఎంచుకోండి. తాళంచెవి జేబులో వేసుకుని వెళ్లి పని చేసేవాడికి, వెనుక నుంచి ఎవరో ఆన్ చేస్తారేమోనన్న భయం ఉండదు. పోర్టు కనెక్టరు ఊడినప్పుడు కాంతి దానంతట తగ్గుతుందా, లేక ఇన్‌పుట్ పోయినప్పుడు మాత్రమే ఆగుతుందా అని అమ్మేవారిని రాతపూర్వకంగా అడగండి. ఈ రెండూ వేరు వేరు రక్షణలు. పెద్ద టెలికాం లింకులలో తీగ తెగగానే శక్తిని తగ్గించే ఏర్పాట్లు ఉంటాయి. జీపాన్‌లో అలా కాదు. ఒక తీగ తెగినా మిగిలిన ఇళ్ల కోసం ఓఎల్‌టీ కాంతిని పంపుతూనే ఉంటుంది, ఈడీఎఫ్ఏ కూడా అంతే. రోడ్డు మీద జేసీబీ తెంపిన ట్రంకు ఫైబర్ కొస బతికే ఉందని అనుకునే పని మొదలుపెట్టాలి. రామన్ యాంప్లిఫైయర్లు (ఫైబర్‌లోనే సంకేతాన్ని బలపరిచేవి) ఉన్న దూరపు లింకులలో, అలా బలపరచడానికి పంపే పంపు కాంతి వందల మిల్లీవాట్లలో ఉంటుంది. 500 మిల్లీవాట్లు దాటితే నాలుగో తరగతి. అక్కడ స్వయంచాలక ఏర్పాటు ఉన్నా సరే, చేతితో ఆపి, ఆగిందని నిర్ధారించుకోకుండా కనెక్టరు ముట్టుకోకూడదు.

లేజర్ కళ్లద్దాల గురించి తరచూ అడుగుతారు. అవి తరంగదైర్ఘ్యాన్ని బట్టి తయారవుతాయి. 1064 కోసం చేసినది 1550ని ఆపుతుందని అనుకోవడానికి లేదు. అద్దం మీద తరంగదైర్ఘ్యాల పరిధి, ఓడీ అంకె రెండూ ముద్రించి ఉండాలి. ఓడీ 4 అంటే కాంతిని పది వేల వంతుకు తగ్గిస్తుందని అర్థం. ఈడీఎఫ్ఏను ఆపకుండా పనిచేయక తప్పని గదిలో వాటికి విలువ ఉంది. అవి పెట్టుకున్నంత మాత్రాన మైక్రోస్కోపులోకి చూడవచ్చని మాత్రం కాదు. ఇళ్లకు కనెక్షన్లు ఇచ్చేవారికి వాటికంటే సాదా రక్షణ కళ్లద్దాలు ఎక్కువ అవసరం. క్లీవ్ చేసినప్పుడు (ఫైబర్ కొసను నున్నగా కోసినప్పుడు) తెగిపడే గాజు ముక్క చర్మంలోనూ కంట్లోనూ గుచ్చుకుంటుంది, ఈ పనిలో రోజూ ఎదురయ్యే ప్రమాదం అదే.

డబ్బు కొద్దిగానే ఉన్న ఆపరేటరుకు నేను చెప్పే వరుస ఇది. మొదట ప్లస్ 26 డీబీఎం వరకు కొలిచే మీటరు, దానితోపాటే గాజు ముక్కలు వేసేందుకు మూత గట్టిగా పట్టే డబ్బా, సాదా కళ్లద్దాలు. ఈ చివరి రెండింటికీ ఖర్చు చాలా తక్కువ. ఆ తర్వాత వీడియో మైక్రోస్కోపు. పెన్ ఇప్పటికే ఉండి అది 5 మిల్లీవాట్లు దాటినదైతే, మార్చడాన్ని మూడోదిగా పెట్టుకోండి. క్లిప్ డిటెక్టరు ర్యాకు పెద్దదయ్యాక కొనవచ్చు. లేజర్ కళ్లద్దాలు ఈడీఎఫ్ఏ గదికి ఒక జత చాలు, వాటిని తాళంచెవి పక్కనే తగిలించి ఉంచండి.